పెళ్లి పందిట్లో ఫ్లాష్ ట్రిగ్గర్: ఏ అమరిక, ఎందుకు, ఏ వరుసలో

మాఘమాసం, తెల్లవారుజామున ముహూర్తం. అమలాపురం దగ్గర కాలువ గట్టున ఉన్న కల్యాణ మండపం. పక్క మండపంలోనూ అదే లగ్నానికి ఇంకో పెళ్లి. జీలకర్ర బెల్లం పెట్టారు, అడ్డుతెర జారింది, వధూవరులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కెమెరా మీట నొక్కాను. ఎడమ ఫ్లాష్ వెలిగింది, కుడి ఫ్లాష్ వెలగలేదు. పెళ్లికూతురి ముఖం సగం చీకట్లో ఉండిపోయింది.

ఆ కుడి ఫ్లాష్ రాత్రంతా తనంతట తాను వెలుగుతూనే ఉంది. బ్యాటరీ వదులైందేమో అనుకుని రెండుసార్లు మూత తీసి పెట్టాను కూడా. అసలు సంగతి మర్నాడు తెలిసింది. పక్క పెళ్లి తీస్తున్న ఫొటోగ్రాఫర్‌దీ నాలాంటి ట్రిగ్గరే (కెమెరా మీద ఉండి దూరపు ఫ్లాషులను రేడియోతో వెలిగించే పరికరం). ఇద్దరిదీ కొన్ననాటి ఛానల్ 1. ఆయన ఫొటో తీసినప్పుడల్లా గోడకు ఇవతల ఉన్న నా ఫ్లాష్ వెలుగుతోంది. నాకు అవసరమైన క్షణంలో అది ఇంకా ఛార్జి అవుతూ ఉంది.

తప్పు నాదే. రెండు అంకెలు మార్చి ఉంటే సరిపోయేది. ఆ రోజు నుంచి నాదొక నియమం: ముందు ఫ్లాష్ తప్పకుండా వెలిగేలా చేసే అమరికలు, ఆ తర్వాతే వెలుతురును అందంగా మలిచే అమరికలు. ట్రిగ్గర్ మెనూలో ఇవన్నీ కలగాపులగంగా ఉంటాయి. కింద చెబుతున్నది నేను పాటించే వరుస. నేను వాడేది గోడాక్స్ ఎక్స్ పద్ధతి కాబట్టి అంకెలు దానివే ఇస్తున్నాను. మీది వేరే తయారీ అయితే పేర్లు కొంచెం మారతాయి, పని మారదు.

ముందు రాత్రి, ఇంట్లో

ట్రిగ్గర్లు, ఫ్లాషులు అన్నీ ఒకే బల్ల మీద పెట్టండి. అన్నింటినీ తయారీ నాటి స్థితికి తెచ్చి మొదలుపెట్టండి. పాత పెళ్లిలో ఎక్కడో మార్చి మరిచిపోయిన అమరిక ఒకటి మిగిలి ఉంటే, దాన్ని పందిట్లో వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తదానికి మార్చాలనుకుంటే ఆషాఢంలోనో, మూఢం రోజుల్లోనో చేయండి. ఆ తర్వాత కనీసం ఒక రోజంతా ఇంట్లో వాడి చూడండి. పెళ్లిళ్లు వరుసగా ఉన్న వారంలో మాత్రం వద్దు. కెమెరా ఫర్మ్‌వేర్ మారినా ట్రిగ్గర్‌తో పొత్తు చెడే అవకాశం ఉంది కాబట్టి దానికీ ఇదే మాట.

హాట్‌షూ (కెమెరా పైన ట్రిగ్గర్ బిగించే గాడి) దగ్గర ఆనే లోహపు కాళ్లను చూడండి. అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు ఉప్పుగాలిలో పని చేసేవారికి ఇది మరీ ముఖ్యం. ఆ చిన్న లోహపు చుక్కల మీద కంటికి కనిపించని పొర పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. టీటీఎల్ (వెలుగును కెమెరాయే కొలిచి ఫ్లాష్ శక్తిని నిర్ణయించే పద్ధతి) ఒకసారి పని చేసి ఒకసారి మానేస్తుంటే నేను మొదట అనుమానించేది ఈ చుక్కలనే.

ఛానల్, ఐడీ

డెల్టాలో పుట్టినవారికి ఇది చెప్పడం తేలిక. ఛానల్ అంటే కాలువ. ఐడీ అంటే మన చేనుకు నీళ్లు వదిలే తూము తాళం. ఒకే కాలువ మీద పది చేలు ఉండవచ్చు. తాళం మనదైతే మన తూమే తెరుచుకుంటుంది. కాలువ నిండా వేరేవారి పడవలు అడ్డుపడి ఉంటే మాత్రం తాళం సరైనదైనా నీరు మన దాకా సాఫీగా రాదు.

ఈ తేడా పట్టుకుంటే సగం తలనొప్పులు తీరిపోతాయి. పక్కవారి ట్రిగ్గర్‌కు మన ఫ్లాష్ వెలగకుండా కాపాడేది ఐడీ. గాలిలో ఉన్న రద్దీ నుంచి తప్పించేది ఛానల్. ఐడీ మార్చినంత మాత్రాన రద్దీ తగ్గదు. ఛానల్ ఒక్కటే మార్చి ఊరుకుంటే, పక్కవారు కూడా అదే ఛానల్‌కు వచ్చిన రోజున మళ్లీ మొదటికే వస్తాం. రెండూ మార్చాలి.

గోడాక్స్ ట్రిగ్గర్‌లో 32 ఛానళ్లు, 1 నుంచి 99 దాకా ఐడీలు ఉంటాయి. కానన్ సొంత రేడియో పద్ధతిలో 15 ఛానళ్లు, నాలుగు అంకెల ఐడీ. మీ బండి నంబరులో చివరి రెండు అంకెలను ఐడీగా పెట్టుకోండి. మరిచిపోరు, పక్కవారితో కలిసే అవకాశమూ తక్కువ. తర్వాత ఒక్కో ఫ్లాష్ తీసుకుని అదే ఛానల్, అదే ఐడీ ఇవ్వండి. రెండింటిలో ఏది తేడా వచ్చినా ఆ ఫ్లాష్ పలకదు.

చాలా పాత ఫ్లాషుల్లో ఐడీ సదుపాయం ఉండదు. అలాంటిది ఒక్కటి వాడినా అన్నింట్లోనూ ఐడీ ఆపేయాల్సి వస్తుంది. ఒకే లగ్నానికి నాలుగైదు పెళ్లిళ్లు జరిగే చోటుకు ఆ పాత ఫ్లాష్‌ను నేను తీసుకెళ్లను.

ఇక రద్దీ సంగతి. ఈ ట్రిగ్గర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తాయి. వైఫై, బ్లూటూత్, చాలా డ్రోన్ల రిమోట్లు, కొన్ని కాలర్ మైకులు కూడా అక్కడే ఉంటాయి. పెళ్లిని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపించే బృందం వచ్చిందంటే వేదిక పక్కనే ఒక రౌటర్ ఉన్నట్టే. మీ ట్రిగ్గర్‌లో ఖాళీ ఛానళ్లను వెతికే స్కాన్ సదుపాయం ఉంటే, దాన్ని ఇంట్లో కాదు, మండపంలో, అన్నీ ఆన్ చేశాక వాడండి. ఖాళీగా ఉన్నట్టు చూపిన ఛానళ్లలో ఒకటి తీసుకుని, ఇంకొకటి మనసులో పెట్టుకోండి. వైఫై ఛానల్ 6, ట్రిగ్గర్ ఛానల్ 6 ఒకటి కావు. అంకె ఒకటే అయినా లెక్క వేరు. అందుకే హాలు రౌటర్ ఛానల్ కనుక్కుని దాన్నిబట్టి అంకె ఎంచుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

దూరం: తేమ గాలి తప్పేమీ లేదు

మా వైపు ఒక మాట తరచు వినిపిస్తుంది: గోదావరి గాలిలో తేమ ఎక్కువ, అందుకే సిగ్నల్ అందదు అని. పెళ్లి పందిరి దూరాల్లో గాలిలోని తేమ ఈ తరంగాలను చెప్పుకోదగినంతగా అడ్డుకోదు. అడ్డుకునేది ద్రవరూపంలో ఉన్న నీరు: వాన తర్వాత తడిసిన కొబ్బరాకులు, అరటి బోదెలు, అన్నిటికన్నా ఎక్కువగా మనుషులు. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే కదా. ఖాళీ మండపంలో సాయంత్రం చక్కగా వెలిగిన ఫ్లాష్, ముహూర్తం వేళ చుట్టూ వందమంది నిలబడగానే తడబడడానికి కారణం ఇదే.

దీనికి మెనూలో మందు లేదు, స్టాండ్‌లో ఉంది. ఫ్లాష్‌ను జనం తలలకు పైన ఉండేలా ఎత్తండి. ట్రిగ్గర్‌కూ ఫ్లాష్‌కూ మధ్య సూటిగా చూపు ఆనాలి. ఇనుప స్తంభం వెనుక, రేకుల గోడకు ఆనించి పెట్టకండి. ఈ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. లోహం మీద పడి తిరిగి వచ్చిన తరంగం, సూటిగా వచ్చిన తరంగం కలిసి ఒకదాన్నొకటి చంపుకునే చోట్లు అక్కడక్కడ ఉంటాయి. కదలకుండా ఉన్న ఫ్లాష్ పదే పదే తప్పుతుంటే స్టాండ్‌ను బెత్తెడు జరిపి చూడండి. మంత్రం వేసినట్టు పని చేసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

మెనూలో ఉన్నది దూరం అమరిక: 0–30 మీటర్లు, లేదా 1–100 మీటర్లు. ఎక్కువ దూరమే మంచిదనుకుని చాలామంది 100 పెట్టి వదిలేస్తారు. ఫ్లాష్ చేతికి అందేంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ బలమైన సంకేతమే రిసీవర్‌ను తికమక పెడుతుంది, ఫ్లాష్ వెలగదు. మండపంలో 0–30 చాలు. కొబ్బరి తోటలో దూరాన ఒక చెట్టు వెనుక దీపం పెట్టినట్టు ఫ్లాష్ దాచినప్పుడో, దిండి దగ్గర గోదావరి పాయ ఒడ్డున జంటను నిలబెట్టి దూరం నుంచి తీసినప్పుడో 1–100కు మార్చండి. పని కాగానే వెనక్కి తెచ్చేయండి.

గ్రూపులు

గ్రూపు అంటే ట్రిగ్గర్ నుంచి ఒకే అంకెతో శక్తి మార్చగల ఫ్లాషుల జట్టు. స్టాండును బట్టి కాకుండా ఫ్లాష్ చేసే పనిని బట్టి గ్రూపు ఇవ్వండి. నా దగ్గర ‘ఏ’ గ్రూపు ఎప్పుడూ ముఖాల మీద పడే ప్రధాన వెలుగు, ‘బి’ నీడలను తేలిక చేసేది, ‘సి’ వెనుక పూల అలంకరణకు. ఏ పెళ్లికి వెళ్లినా, ఏ ఊరికి వెళ్లినా ఇదే. చీకట్లో, బాజా మోతలో, ట్రిగ్గర్ తెర చూడకుండానే వేలు సరైన మీట మీదకు వెళ్లాలంటే అలవాటు ఒకటే ఉండాలి. వాడని గ్రూపులను ఆపేయండి.

మొదలుపెట్టడానికి ఒక లెక్క: ఐఎస్ఓ 800, ఎపర్చర్ ఎఫ్/4, ‘ఏ’ 1/16 (పూర్తి శక్తిలో పదహారో వంతు), ‘బి’ 1/64, ‘సి’ 1/32. ‘బి’ ఇక్కడ ‘ఏ’లో నాలుగో వంతు. ఒక ఫొటో తీసి, ముఖం చూసి ‘ఏ’ సరిచేయండి, నీడ చూసి ‘బి’ సరిచేయండి. శక్తిని మూడో వంతు స్టాప్ (వెలుగు రెట్టింపు లేదా సగం కావడం ఒక స్టాప్) చొప్పున మార్చేలా అమర్చుకుంటే సరిపోతుంది. పదో వంతు చొప్పున మార్చే అమరిక స్టూడియోలో వస్తువులు తీసేవారికి ఉపయోగం, పెళ్లిలో వేలు తిప్పడమే పని అవుతుంది. ట్రిగ్గర్‌లో కనిష్ఠం 1/256 పెట్టి, ఫ్లాష్ 1/128 కన్నా కిందికి దిగలేనిదైతే తెర మీద అంకె మారుతుంది, వెలుగు మారదు. అందుకే కనిష్ఠాన్ని మీ ఫ్లాషుకు తగ్గట్టు పెట్టండి.

ఫ్లాష్‌ను పూర్తి శక్తి మీద నడపకండి. 1/1 మీద మళ్లీ ఛార్జి కావడానికి రెండు మూడు సెకన్లు, బ్యాటరీ తగ్గితే ఇంకా ఎక్కువ పడుతుంది. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ రెట్టింపు చేసి శక్తిని సగం చేయండి. ఇంకో లాభం కూడా ఉంది. చిన్న ఫ్లాషుల్లో శక్తి తగ్గేకొద్దీ వెలుగు నిలిచే కాలమూ తగ్గుతుంది. 1/32 దగ్గర ఆ మెరుపు ఎంత చిన్నదంటే, తలంబ్రాలు గాలిలో గింజ గింజగా ఆగిపోయి కనిపిస్తాయి. పూర్తి శక్తి మీద అవే గింజలు చిన్న గీతల్లా సాగుతాయి. నాకు ఈ వృత్తిలో ఎక్కువ సంతోషాన్నిచ్చే ఫొటోలు ఆ గింజలవే.

అడ్డుతెర, టీటీఎల్

టీటీఎల్‌లో ఫ్లాష్ ముందుగా ఒక చిన్న మెరుపు పంపుతుంది. ఎదుటి నుంచి తిరిగి వచ్చిన వెలుగును కెమెరా కొలిచి అసలు మెరుపు ఎంత ఉండాలో నిర్ణయిస్తుంది. ఎదురు సన్నాహంలో, విడిది ఇంట్లో, దూరాలు క్షణక్షణం మారే చోట ఇది బంగారం. వేదిక మీద మాత్రం మోసం చేస్తుంది. తెల్లని అడ్డుతెర కట్టి ఉన్నప్పుడు దాని మీద పడిన వెలుగంతా తిరిగి వస్తుంది, కెమెరా ఇక్కడ వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. తెర జారిన మరుక్షణం లెక్క తలకిందులవుతుంది. పెళ్లికొడుకు మధుపర్కాల తెలుపు కూడా ఇలాగే చేస్తుంది. ఆ తెర జారే క్షణం కోసమే మనం వెళ్లాం కాబట్టి, కొలతను అదృష్టానికి వదలకూడదు.

అందుకే వేదిక మీద అన్ని గ్రూపులూ మాన్యువల్. ఎంత పెట్టాలో తెలియకపోతే టీటీఎల్‌ను మాన్యువల్‌గా మార్చే టీసీఎం సదుపాయం వాడండి. గౌరీపూజ వేళ పెళ్లికూతురు ఒక్కతే పీట మీద ఉన్నప్పుడు టీటీఎల్‌లో ఒక ఫొటో తీయండి. బాగా వస్తే టీసీఎం మీట నొక్కండి. టీటీఎల్ ఎంచుకున్న శక్తి అంకెగా మారి అక్కడే నిలిచిపోతుంది. తర్వాత తెర ఉన్నా లేకపోయినా ఫ్లాష్ శక్తి మారదు. తెర ఉన్నంతసేపు అది కొంత వెలుగును అడ్డుకుంటుంది. అప్పుడు తీసేవి కొంచెం తక్కువ వెలుగుతో వచ్చినా ఫరవాలేదు. తెర జారాక రావలసిన వెలుగుకే అంకె కట్టండి.

సింక్ వేగం

కెమెరా పుస్తకంలో ఫ్లాష్‌తో వాడదగిన గరిష్ఠ షట్టర్ వేగం (సింక్ వేగం) 1/250 అనో 1/200 అనో రాసి ఉంటుంది. రేడియో ద్వారా వెళ్లేసరికి రవ్వంత ఆలస్యం జరుగుతుంది, ఆ మాటను పూర్తిగా నమ్మలేం. తెల్లగోడ ముందు నిలబడి 1/160, 1/200, 1/250 మీద వరుసగా తీయండి. ఫొటో ఒక అంచున నల్లని పట్టీ కనిపించిందంటే ఆ వేగం పనికిరాదు, దాని కింది మెట్టుకు దిగండి. ఈ పరీక్షను ప్రతి కెమెరాతోనూ విడిగా చేయాలి.

మండపంలో గరిష్ఠ వేగం అవసరం కూడా తక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/100 లేదా 1/50 పెడితే వెనుక అలంకరణలో చారలు, రంగు తేడాలు బాగా తగ్గుతాయి. నేను వేదిక మీద ఎక్కువగా 1/100 మీదే ఉంటాను.

పగటిపూట కథ వేరు. మిట్టమధ్యాహ్నం కాలువ గట్టు మీద, ఐఎస్ఓ 100, ఎఫ్/2.8 కావాలంటే షట్టర్ సుమారు 1/3200 దాకా వెళ్తుంది. అప్పుడు హై స్పీడ్ సింక్ (ఆ గరిష్ఠాన్ని మించిన షట్టర్ వేగంతో ఫ్లాష్ వాడే పద్ధతి) తప్పదు. ఆ పద్ధతిలో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక వరుస మెరుపులుగా వెలుగుతుంది, అందువల్ల అందే వెలుగు బాగా తగ్గిపోతుంది. షట్టర్ వేగం రెట్టింపైన ప్రతిసారీ మరో సగం పోతుంది. చిన్న ఫ్లాష్ అయితే మనిషికి దగ్గరగా, గొడుగు లేకుండా పెట్టాల్సి వస్తుంది, పైగా వేడెక్కుతుంది. వరుసగా పది పదిహేను తీశాక కాసేపు ఆగండి. నికాన్ కెమెరాల్లో ముందుగా కెమెరా మెనూలో ఆటో ఎఫ్‌పీ ఎంచుకోవాలి. కానన్‌లో ట్రిగ్గర్ మీద ఉన్న సింక్ మీటతో మార్చవచ్చు.

నా ఇష్టం మాత్రం ఎన్‌డీ ఫిల్టర్. వెలుగును 16 రెట్లు తగ్గించే ఫిల్టర్ బిగిస్తే అదే 1/3200 కాస్తా 1/200 అవుతుంది, హై స్పీడ్ సింక్ అవసరమే ఉండదు. ఫిల్టర్ ఫ్లాష్ వెలుగునూ తగ్గిస్తుంది కాబట్టి శక్తి పెంచాలి. అయినా ఒక్క మెరుపుతో పని జరుగుతుంది, వేడి తక్కువ. కదిలే పిల్లలున్నప్పుడు, ఫిల్టర్ తీసి పెట్టే వ్యవధి లేనప్పుడు మాత్రమే హై స్పీడ్ సింక్ వైపు వెళ్తాను.

ఊరేగింపుకు సెకండ్ కర్టెన్

రాత్రి ఊరేగింపులో షట్టర్ 1/15 పెట్టి, ఫ్లాష్ చివరలో వెలిగేలా సెకండ్ కర్టెన్ ఎంచుకుంటే దీపాల వెలుగు జాడలు మనుషుల వెనుకకు సాగుతాయి, ముఖాలు స్పష్టంగా నిలుస్తాయి. ఇక్కడ మాన్యువల్ వాడండి. టీటీఎల్ ముందస్తు మెరుపు చూసి ఫొటో అయిపోయిందనుకుని పెద్దవాళ్లు ముఖం తిప్పేస్తారు. కొన్ని కెమెరాలతో దూరపు ఫ్లాషుల మీద ఈ అమరిక పని చేయదు. ముందు రాత్రే పరీక్షించండి.

చిన్నవే, కానీ మరిచిపోకండి

ఫ్లాష్ నిద్రపోయే సమయాన్ని మెనూలో ఉన్నంత ఎక్కువకు పెంచండి. మంగళస్నానాలకూ ముహూర్తానికీ మధ్య మూడు గంటల విరామం ఉంటే అది నిద్రపోయే ఉంటుంది. పీటల మీద కూర్చోగానే మీట సగం నొక్కి లేపండి. మంత్రాలు చదివే వేళ బీప్ శబ్దం ఆపండి. ఫోకస్ కోసం పడే ఎర్రని కాంతి కూడా ఆపండి, అది వీడియో తీసేవారి పనిని పాడు చేస్తుంది.

ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకే ఫ్లాషులను పంచుకుంటే షూట్ అనే అమరిక చూడండి. ఒక్కరికి అన్నది పెడితే ట్రిగ్గర్ వెలగమని మాత్రమే చెబుతుంది, బ్యాటరీ ఆదా. అందరికీ అన్నది పెడితే ప్రతి ఫొటోకూ శక్తి అంకెలు కూడా పంపుతుంది. అప్పుడు మీరు తీసినప్పుడు మీ అంకె, రెండో ఫొటోగ్రాఫర్ తీసినప్పుడు ఆయన అంకె. ఇది తెలియక ఇద్దరూ ఒకరి అంకెలు ఒకరు పాడు చేసుకుంటూ ఉంటారు.

మండపంలో

దీపాలు, మైకులు, ఎల్‌ఈడీ తెర అన్నీ వెలిగాక, జనం వచ్చాక పరీక్షించండి. వేదిక చుట్టూ మీరు నిలబడబోయే నాలుగు చోట్ల నుంచీ వరుసగా పదేసి ఫొటోలు తీయండి. నలభైలో ఒక్కటి తప్పినా వదలకండి.

ఫ్లాష్ అసలు వెలగకపోతే ఛానల్, ఐడీ, గ్రూపు, తర్వాత దూరం అమరిక, చివరగా హాట్‌షూ చుక్కలు చూడండి. తనంతట తాను వెలిగితే ఐడీ మార్చండి. వరుసగా తీసినప్పుడు మూడోదో నాలుగోదో తప్పితే అది రేడియో తప్పు కాదు, ఛార్జి చాలడం లేదు, శక్తి తగ్గించండి. జనం చేరాక మాత్రమే తప్పితే స్టాండ్ ఎత్తండి. నల్లపట్టీ వస్తే షట్టర్ వేగం తగ్గించండి.

ఛానల్, ఐడీ, గ్రూపు రాసిన చిన్న టేపు ముక్క ప్రతి ఫ్లాష్ వెనుకా అతికించండి. సంచిలో రెండో ట్రిగ్గర్ ఉంటే దానికీ ఇవే అంకెలు ఇచ్చి, ఇంటి నుంచి బయలుదేరే ముందు దాన్ని కెమెరాకు బిగించి మూడు ఫ్లాషులనూ ఒక్కసారి వెలిగించి చూడండి.